నేను ఇవ్వనన్న డిస్కు

కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లలో నాకు భయం పుట్టించేది అన్నీ తెలుసనుకునే మనిషి. ఎల్లారెడ్డిలో ఒక ఏడాది ఆ మనిషిని నేనే. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చిన మీరు నా దగ్గర కూర్చుని ‘మీ అనుభవాలు చెప్పండి మేడం’ అంటే మర్యాదైన మాటలు నాలుగు చెప్పి పంపించవచ్చు. కానీ రిటైరయ్యాక కూడా మర్యాద కోసం అబద్ధాలాడే ఓపిక నాకు లేదు. అందుకని నేను చేసిన తప్పే చెప్తాను. ఆ తప్పు తర్వాత నేను చేసిన పని ఇంకా పెద్ద తప్పని కొందరంటారు. ఆ రెండోదాని గురించి మాత్రం నన్నెవరూ ఇప్పటిదాకా ఒప్పించలేకపోయారు.

నాది కామారెడ్డి. టైపు మిషన్ల మీద పిల్లలకు వేళ్లు తిప్పడం నేర్పుతూ మొదలుపెట్టి, ఆ మిషన్లు మూలకు పోయాక నేనే మళ్లీ బడిపిల్లలా కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నాను. ఉద్యోగం చివరి ఏళ్లలో నన్ను ఎల్లారెడ్డికి వేశారు. ఆడవాళ్లకు పనులు నేర్పే చిన్న కేంద్రం అది. రెండే గదులు. ఒకదాంట్లో కుట్టు మిషన్లు, వాటికొక టీచర్. రెండోదాంట్లో కంప్యూటర్లు, వాటికి నేను. కంప్యూటర్లంటే వేరే ఆఫీసువాళ్లు వాడి వాడి వదిలేసిన పన్నెండు డబ్బాలు. కొత్త సిస్టం వేస్తే మోయలేవు, పాతది వేస్తే నడవవు. కామారెడ్డిలో కూర్చునే మా పెద్దసారు వాటిని ఇనప సామానుకు వేసేయమన్నాడు. నాకు ఒళ్లు మండింది. పైసా కట్టకుండా తెచ్చుకోగల, లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోగల సాఫ్ట్‌వేర్ లోకంలో ఎంతో ఉంది. పుస్తకాలు ముందేసుకుని నెల రోజులు కుస్తీ పట్టాను. పన్నెండూ లేచి కూర్చున్నాయి.

మిషన్ ఆన్ చేయగానే పేర్ల వరస కనిపించే తెర ఉంటుంది చూడండి, ఎవరి పేరు మీద వాళ్లు నొక్కి లోపలికి పోయేది, దాన్ని తెలుగులో పెట్టాను. ఎవరికి నచ్చిన బొమ్మ వాళ్లు పేరు పక్కన పెట్టుకోవచ్చు. ఒకామె చిలుకను పెట్టుకుంది, ఒకామె తన బర్రె ఫోటో పెట్టుకుంది. అందరి పనీ నా బల్ల దగ్గరున్న ఒక్క మిషన్ డిస్కులో దాచే ఏర్పాటు చేశాను. ఎవరు ఏ మిషన్ దగ్గర కూర్చున్నా తన పేరు నొక్కితే తన పని ముందుకొస్తుంది. ఇంట్లో ఉంటే ఒళ్లో బీడీలు చుట్టే చాట, చాటలో తునికాకు, పొగాకు వాసన కొట్టే కొంగు, ఈ ఆడవాళ్లు వచ్చి తెర మీద తమ పేరు వెతుక్కునేటప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి. ఆ కాసేపు నాకు చాలా గర్వంగా ఉండేది. ఆ గర్వమే కొంప ముంచింది.

మా వైపు కోడళ్లను ఊరి పేరుతో పిలుస్తారు. నస్రుల్లాబాద్ నుంచి వచ్చినామె అత్తగారింట్లో చచ్చేదాకా నస్రుల్లాబాదామె. పోచారం నుంచి వస్తే పోచారమామె. తెర మీద ఏం పేరు పెట్టాలని అడిగితే వాళ్లు అదే చెప్పారు, నేనూ అదే పెట్టాను. నన్ను వాళ్లు కామారెడ్డి మేడం అంటే నేను పలకలేదా? ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, బీబీపేట నుంచి వచ్చిన కోడళ్లు ఇద్దరున్నారు. ఒకరిని బీబీపేట ఒకటి, ఇంకొకరిని బీబీపేట రెండు అని పెట్టాను. రిజిస్టరులో ఇద్దరి అసలు పేర్లూ ఉన్నాయి. దాన్ని తెరిచి పక్కన రాసుకోవాలనే బుద్ధి నాకు పుట్టలేదు.

నేను చెప్పబోయేది వాళ్లిద్దరిలో ఒకామె సంగతి. పాతికేళ్లుంటాయి. పెనిమిటి దుబాయిలో. అత్త దగ్గర ఆరు నెలల గడువు తీసుకుని మా దగ్గర చేరింది. పరీక్ష పాసై సర్టిఫికెట్ చేతికొస్తే మండలంలో ఆపరేటరు పనికి పోవచ్చు. రాకపోతే మళ్లీ చాట ముందేసుకుని కూర్చోవాలి, ఇంకోసారి బస్సెక్కే మాటే లేదని అత్త ముందే తేల్చి చెప్పింది. పరీక్షకు ప్రతి ఒక్కరూ సొంతంగా ఒక పని చేసి చూపించాలి. తక్కినవాళ్లు పెండ్లి పత్రికలు, బడి మార్కుల పట్టికలు చేసుకుంటున్నారు. ఈమె వాడకట్టులో బీడీలు చుట్టే ప్రతి ఆడమనిషి దగ్గరికీ పోయింది. ఎన్నో ఏట మొదలుపెట్టింది, రోజుకు ఎంతసేపు కూర్చుంటుంది, ఎక్కడ నొస్తుంది అని అడిగి పట్టిక కట్టింది. ఆడబిడ్డ ఫోను అడుక్కుని ఒక్కొక్కరి చేతులు ఫోటో తీసింది. ఫోను నిండిపోతుందని ఆడబిడ్డ గొడవ చేస్తే, వాటిని మా డిస్కులోకి మార్చి ఫోనులోంచి తీసేసింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కరూ నా ముందు పెట్టని పని అది.

పరీక్షకు మూడు వారాలుందనగా డిస్కు నిండుకొచ్చింది. డిస్కు సంగతులు చూపించే సాఫ్ట్‌వేర్ తెరిస్తే కాస్తంత ఖాళీ తప్ప అంతా నిండిన పట్టీ కనిపించింది. నకలు దాచడానికి పెట్టుకున్న రెండో డిస్కు అంతకుముందే చెడిపోయింది. ఇంకొకటి పంపమని కామారెడ్డికి రాశాను, జవాబు లేదు. అయినా రాసిన ఉత్తరం నా తప్పును కప్పే దుప్పటి కాదు. అదే వారం కుట్టు టీచర్ వచ్చి, ‘బీబీపేటామె ఒకరు మానేస్తున్నరట అక్కా’ అంది. ఏ బీబీపేటామె అని నేను అడగలేదు. ఎందుకు అడుగుతాను, నాకు కంప్యూటర్ తెలుసు కదా. ఎవరు ఎప్పుడు చివరిసారి లోపలికి వచ్చారో అది చూపిస్తుంది. బీబీపేట ఒకటి పన్నెండు రోజులుగా రాలేదు. బీబీపేట రెండు నిన్న కూడా వచ్చింది. రానిదే మానేసింది. డిస్కులో చోటు కలిసొస్తుందని ఒకటిని తీసేశాను. ఫైళ్లు కూడా తీసేయాలా అని మిషన్ అడిగింది. సరే అని నొక్కాను.

నాకు తెలియనిది ఏమిటంటే, ఆ పన్నెండు రోజులూ ఊరికి బీడీ కంపెనీ ఆకు వచ్చింది. చాలా రోజులు పని లేక ఒక్కసారిగా ఆకు వస్తే ఆ ఇంటి ఆడవాళ్లు ఇంకో మాట లేకుండా కూర్చుని చుట్టాల్సిందే. ఆమె అందుకే రాలేదు. మానేస్తున్న రెండో ఆమె మాత్రం మొదలుపెట్టింది పూర్తి చేసి పోదామని చివరిదాకా వచ్చింది. ఈ సంగతి ఎల్లారెడ్డిలో ఎవరినడిగినా చెప్పేవాళ్లు. నేను మిషన్‌ను అడిగాను.

సోమవారం పొద్దున ఆమె వచ్చింది. మిషన్ ఆన్ చేసి, తెర మీద వరసంతా పైనుంచి కిందికి రెండుసార్లు చూసి నన్ను పిలిచింది.

“మేడం, నా పేరు లేదు గీడ.”

ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది, సిస్టం ఖరాబైందని చెప్పేద్దామని. పాత డబ్బాలే కదా, అందరూ నమ్ముతారు. కానీ పన్నెండు మంది ముందు నిలబడి పొద్దస్తమానం తప్పులు దిద్దేదాన్ని, నా తప్పు దగ్గరికొచ్చేసరికి డబ్బాల మీదికి తోస్తానా?

“నేనే తీసేసిన బిడ్డా. నువ్వు మానేసినవనుకున్న,” అన్నాను.

ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు సుళువయ్యేది. కొంగు నడుముకు దోపుకుని, నా కళ్లలోకి చూసి ఒకటే అంది.

“తీసేసినోళ్లే తెచ్చి పెట్టాలె.”

వెంటనే నా బల్ల దగ్గరి మిషన్ ఆపేశాను. క్లాసు మొత్తం ఆగిపోయింది. ఇది మీకు తెలిసే ఉంటుంది గానీ మళ్లీ చెప్తాను. తీసేసిన ఫైలు డిస్కులోంచి వెంటనే పోదు. దాని చోటు ఖాళీ అని రాసుకుంటుందంతే. ఆ చోట ఇంకొకటి వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. అందుకని ఆ డిస్కు మీద ఇక ఒక్క అక్షరం కూడా రాయకుండా, మొత్తం డిస్కును ఇంకో డిస్కులోకి ఉన్నదున్నట్టు దించి, ఆ నకలులో వెతకాలి. దానికీ ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. కావలసిందల్లా అంత పెద్ద ఖాళీ డిస్కు, రెండు మూడు రోజులు.

క్లాసు ఆగిందని చెప్పాలి కాబట్టి పెద్దసారుకు ఫోన్ చేశాను. ఆయన సంతోషించాడు. మంచిదే అయింది, రేపు మనిషిని తీసుకొస్తున్నాను, పన్నెండింటికీ ఒకే రకం సిస్టం వేయిస్తాను, ఇన్ని పేర్ల గోల లేకుండా స్టూడెంట్ అని ఒక్క పేరు చాలు, పరీక్షకు బయటివాళ్లు వచ్చినప్పుడు చూడటానికి నీటుగా ఉంటుంది అన్నాడు. డిస్కులన్నీ తుడిచేస్తారా సార్ అని అడిగాను. తుడవకుండా ఎట్లా వేస్తారు అని నవ్వాడు.

మంగళవారం అన్నట్టుగానే వచ్చాడు. ఆయన దుర్మార్గుడని నేను చెప్పను. సంతకం చేయాల్సిన కాగితాల మధ్య బతికీ బతికీ, కాగితం మీదికి ఎక్కనిది లేనట్టే అనుకునే మనిషి. నేను మూడు రోజులు గడువు అడిగాను. ఆమె చేసిన పని ఏమిటో వివరించాను. వేళ్ల ఫోటోలా అన్నాడు. అవును సార్, వేళ్ల ఫోటోలే అన్నాను. తెర మీద కనిపించేవి పెన్ డ్రైవులో తీసుకో, కనిపించనివి వదిలెయ్యి అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, నా మంచి కోసమే చెప్తున్నట్టు చెప్పాడు.

“గామెనే తప్పు నొక్కి తీసేసుకున్నదని రాసియ్యమ్మా. నీకూ తిప్పలుండది, నాకూ తిప్పలుండది.”

చదువు కొత్తగా పట్టుకున్న మనిషి మీద ఏ తప్పైనా అతుకుతుంది. ఆమె కూడా తనే ఏదో నొక్కి ఉంటానని రెండు రోజుల్లో నమ్మేస్తుంది. నాకు కోపం నషాళానికెక్కింది. అంత కోపంలో నేనెప్పుడూ అరవను, పని చేస్తాను. మిషన్ పక్క రేకు విప్పడానికి చేతిలో ఏమీ లేదు. గుమ్మం దగ్గర నిలబడి అంతా వింటున్న కుట్టు టీచర్ లోపలికి పోయి, కుట్టు మిషన్‌కు వాడే చిన్న స్క్రూడ్రైవర్ తెచ్చి నా చేతిలో పెట్టింది. పెద్దసారు ముఖం చూడకుండా మళ్లీ పోయి గుమ్మం దగ్గరే నిలబడింది. ఆ ఉద్యోగంలో నాకు దొరికిన స్నేహం అంటే అది. ఆయన చూస్తుండగానే నాలుగు మరలు విప్పి డిస్కు బయటికి తీశాను.

“అమ్మా, గది సర్కారు సొత్తు. ఇటియ్యి.”

“డబ్బా సర్కారుదే సార్. లోపలున్నది ఆమెది. ఇయ్య.”

డిస్కు నేను తీసుకుపోతున్నాను, పరీక్షకు ముందే తెచ్చి పెడతాను అని ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఆయన ముందుంచాను. డిస్కును చేతిరుమాల్లో చుట్టి టిఫిన్ సంచిలో పెట్టుకుని బస్టాండుకు నడిచాను. కామారెడ్డి బస్సులో సీటు దొరికింది. లింగంపేట దాటాక గుంతలొస్తుంటే సంచిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకున్నాను. పక్కన కూర్చున్నామె లోపల గుడ్లున్నాయా అని అడిగింది. అవునన్నాను.

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో పెండ్లి వీడియోలు తీసే ఒకాయన నా దగ్గర టైపు నేర్చుకున్న మనిషి. పెద్ద డిస్కు ఉంటుందని తెలిసి అడిగాను. ఈ వారం ముహూర్తాలు లేవు మేడం, తీసుకపొండ్రి అన్నాడు. నకలు దించడానికి మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. వెతికించడానికి ఇంకో పూట. మొత్తానికి ఆ సాఫ్ట్‌వేర్ వేల ఫైళ్లు తవ్వి పోసింది. కానీ వాటికి పేర్లు లేవు, వరస లేదు, అన్నీ అంకెలు. అందులో పన్నెండు మంది చెరిపేసిన చెత్తా ఉంది, ఎవరో మార్చి మార్చి పెట్టుకున్న చిలుకలూ ఉన్నాయి. ఫోటోల్లో కొన్ని సగం దాకా వచ్చి కింద బూడిదరంగు. ఏది ఎవరి చెయ్యో నాకెట్లా తెలుస్తుంది?

కబురు పెడితే గురువారం మొదటి బస్సుకే ఆమె మా ఇంటికి వచ్చింది. వెంట అత్త. కోడలు ఆరు నెలలు ఏం వెలగబెట్టిందో తేల్చుకుందామని వచ్చిన ముఖం ఆ అత్తది. మంచినీళ్లిస్తే తీసుకుని మా వెనక కూర్చుంది. నేను ఫోటోలు ఒక్కొక్కటే తెరవడం మొదలుపెట్టాను. కోడలు కొన్ని పోల్చింది, కొన్ని పోల్చలేక తికమకపడింది. పదో పదకొండో ఫోటో దగ్గర వెనక నుంచి గొంతు వినిపించింది.

“గిది నా చెయ్యి.”

గోరు అరిగిపోయి కొస వంకర తిరిగిన చూపుడువేలు. మాట్లాడింది అత్త. ఆ అవ్వ లేచి తెర దగ్గరికి వచ్చి, తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. తర్వాత కుర్చీ లాక్కుని నా పక్కనే కూర్చుంది. ఇక చూడాలి. గిది మూలింటి పోచారమామెది, కత్తెర పట్టి బొటనవేలు గట్లయింది. గిది నస్రుల్లాబాదామెది, ఆమెకు చిటికెన వేలు ముడవదు. ముఖాలు లేని చేతులను పేరు పేరునా చెప్పుకుపోయింది. కోడలు రాసుకుంటూ పోయింది. నలభై ఏళ్లు ఒకరి పక్కన ఒకరు కూర్చుని చుట్టినవాళ్లకు తప్ప ఆ పని ఇంకెవరికీ చేతకాదు. డెబ్భై ఒకటిలో యాభై ఎనిమిది ఫోటోలు దొరికాయి. పట్టిక మాత్రం మొదట్లో కట్టింది సగమే దొరికింది.

అన్నం తినేటప్పుడు నేను కోడలినీ అవ్వనూ క్షమించమని అడిగాను. అవ్వ దాన్ని పట్టించుకోలేదు. పట్టిక కోసం మళ్లీ అడగాల్సిన ఇండ్లు ఎన్ని అని కోడలిని అడిగింది. చెప్పింది. “నేను గుడ వస్త తియ్యి. నువ్వడిగితే సగమే చెప్తరు, నేనుంటే అబద్ధం చెప్పరు,” అంది. తర్వాత నాలుగు రోజులు ఆకు పక్కన పెట్టి, కోడలి వెంట వాడకట్టంతా ఆమే తిరిగింది.

మాటిచ్చినట్టే సోమవారం డిస్కు తీసుకుపోయి నా బల్ల దగ్గరి మిషన్‌లో బిగించాను. తక్కిన పదకొండింటినీ అప్పటికే తుడిచి స్టూడెంట్ అని పెట్టి పోయారు. డిస్కు లేదు కాబట్టి నాదాన్ని ముట్టుకోలేకపోయారు. ఈసారి రిజిస్టరు ముందేసుకుని ఒక్కొక్కరినీ పిలిచి, తెర మీద ఏ పేరు కావాలని అడిగాను. నాకు బుద్ధొచ్చిందని వాళ్లంతా ఊరి పేర్లు మార్చుకుంటారని అనుకున్నాను. చాలామంది వద్దన్నారు. ఆమె, “బీబీపేట ఉండనీయుండ్రి మేడం, గది నా ఊరు. పక్కన నా పేరు గుడ పెట్టుండ్రి,” అంది. రెండూ పెట్టాను.

పరీక్ష రోజు బయటి నుంచి ఒక పరీక్షాధికారి వచ్చింది. పెద్దసారు కూడా వచ్చాడు. పదకొండు మిషన్లు ఖాళీగా మెరుస్తున్నాయి, ఆడవాళ్లంతా నా డొక్కు మిషన్ ముందు వరసగా నిలబడ్డారు. ఇదేమిటని పరీక్షాధికారి అడిగింది. వీళ్ల పని దీంట్లోనే ఉందమ్మా, ఆ పదకొండింటికీ వీళ్లెవరో తెలియదు అన్నాను. పెద్దసారు దగ్గాడు.

బీబీపేటామె వంతు వచ్చింది. తన పేరు నొక్కి లోపలికి పోయింది. పట్టిక చూపించింది, చేతులు చూపించింది. సగం బూడిదైన ఫోటోలు కూడా దాచకుండా చూపించింది. పరీక్షాధికారి చాలా ప్రశ్నలడిగింది, ఇవెందుకిట్లా ఉన్నాయని కూడా అడిగింది. పెద్దసారు ముందుకొచ్చి, అభ్యర్థి అజాగ్రత్త మేడం, నేర్చుకునేవాళ్లు కదా, ఏదో నొక్కుకున్నది అన్నాడు. బీబీపేటామె తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపులో బతిమాలడం లేదు. ఏం చెప్తావో చూస్తానన్నట్టుంది.

“ఆమె ఏం నొక్కలేదు. నేను తీసేసిన,” అన్నాను. అందరి ముందూ, ఆయన ముందూ, కోడలి వెంట వచ్చి గుమ్మంలో నిలబడ్డ అవ్వ ముందూ. రాసుకోమని కూడా చెప్పాను. పరీక్షాధికారి రాసుకుంది.

ఆమె పాసైంది. ఆ ఏడాదే ఆపరేటరు పనిలో చేరింది. నాకు మెమో వచ్చింది. అనుమతి లేకుండా ఫైళ్లు తొలగించినందుకు, అనుమతి లేకుండా డిస్కు తీసుకుపోయినందుకు, రెండింటికీ కలిపి క్షమాపణ కోరుతూ సంజాయిషీ రాయమన్నారు. ఎట్లా రాయాలో నమూనా కూడా పెద్దసారే పంపించాడు. రాసి పడెయ్యి అక్కా, రిటైర్మెంట్ దగ్గర పడ్డది అని కుట్టు టీచర్ కూడా అంది. తప్పేమీ లేదు, నా మీద ప్రేమతోనే అంది.

నమూనా పక్కన పెట్టి సొంతంగా నాలుగు వాక్యాలు రాశాను. “ఫైళ్లు తొలగించింది నేను. దానికి క్షమాపణ ఎవరికి చెప్పాలో వాళ్లకు వాళ్ల ముఖం మీదే చెప్పాను. డిస్కు తీసుకుపోయిందీ నేనే. దానికి ఎవరికీ చెప్పను.”